రికార్డు అట్ట వెనుకటి వ్రాత

సంగీతపు రికార్డు అట్ట వెనుక ముద్రింపబడు పరిచయమును వ్రాయువారు గాయకుని గంధర్వుడని స్తుతించి, అతడు పొందిన బిరుదులను వరుసగా పేర్కొని కలము దించివేయుట చిరకాలముగా నున్న ఆచారమే. కాని అట్టి స్తుతి చదివినవానికి పాటలో ఒక్క స్వరమైనను మునుపటికంటె స్పష్టముగ వినిపింపదు. చెవికి తోడుపడని వ్రాతకు ఆ అట్టమీద చోటుండరాదు.

1959లో కొలంబియా సంస్థ వెలువరించిన మైల్స్ డేవిస్ జాజ్ రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ'నకు పరిచయము వ్రాసినవాడు విమర్శకుడు కాడు. ఆ గోష్ఠిలో పియానో వాయించిన బిల్ ఎవాన్స్. కుంచె రవంత తడబడినను చెడిపోవు పలుచని కాగితముపై, దిద్దుబాటునకు తావులేక చిత్రించు జపాను కళాకారులను మొదట స్మరించి, అచటినుండి అప్పటికప్పుడు స్వరకల్పన చేయు జాజ్ విద్వాంసుల సాహసమునకు పాఠకుని కొనిపోయి, పిదప ఒక్కొక్క రచన కట్టుబాటును అతడు రెండు మూడు పంక్తులలో విప్పిచెప్పినాడు. 'సో వాట్'లో 16 తాళఖండములు ఒక స్వరశ్రేణిని, 8 వేరొక శ్రేణిని, తిరిగి 8 మొదటి శ్రేణిని ఆశ్రయించునని తెలిసినంతనే, ఎన్నడును జాజ్ విననివాడు సైతము ఆ మార్పు వచ్చు తావునకై చెవియొగ్గి కాచుకొనును. పొగడ్త చేయజాలని పని యిది.

పేర్ల విషయమున ఉపేక్ష అసలే పనికిరాదు. అందలి ఐదు రచనలలో 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' ఒక్కదానికి పియానో వాయించినవాడు వింటన్ కెల్లీ. ఆ సంగతి ముద్రింపనిచో అతని విద్య ఎవాన్స్ పేర చెలామణి యగును. తొలి ముద్రణలలో కొన్నింట 'ఆల్ బ్లూస్', 'ఫ్లమెంకో స్కెచెస్' అను పేర్లు తారుమారైనవి కూడ; అంతటి రికార్డునకే యట్టి పొరపాటు తప్పలేదు.

మనకీ బాధ్యత మరింత గురుతరము. త్యాగరాజస్వామి కృతులలో అధికభాగము తెలుగువి. వానిని రికార్డుల కెక్కించిన మహావిద్వాంసులలో అనేకులకు తెలుగు మాతృభాష కాదు. సంగతుల వేగమున ఎక్కడ విరిగెనో తెలియని పదము అచ్చులో సరిగా విడివడి కనబడిననాడు, శ్రోతకు భావము పట్టుబడును. కావున రాగతాళములతోపాటు పదవిభాగముతో కూడిన సాహిత్యమును, తాత్పర్యమును, కచేరీ జరిగిన ఊరును, సంవత్సరమును ఈయవలెను. ఫోనులలో పాట వినబడు ఈ కాలమున పలుమారు గాయకుని పేరే మిగిలి, వయొలిను, మృదంగము ఎవరివో తెలియకుండుట ఆ కళాకారులకు జరుగుచున్న అన్యాయము. పాత కచేరీలను మరల వెలువరించువారు, ఆనాడు గురువు ప్రక్కన కూర్చుండి వంతపాడిన వృద్ధశిష్యులను ఇప్పుడే, జ్ఞాపకము చెదరకమునుపే, అడిగి ఈ వివరములను వ్రాసికొనవలెను.