పేపరుంది సరే, మరీజులేరి?

మొన్న చెరుకుపల్లిలో ఒక వలీమాకు వెళ్లాను. దస్తర్‌ఖాన్ దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన ఖుషీగా చెప్పారు: "మావాడు మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. ఈ ఏడు వాడి పేపర్ కూడా అచ్చయింది." ముబారక్ అన్నాను. "ఏ మరీజుల మీద బేటా?" అని అడిగితే కుర్రాడు బిర్యానీ ప్లేటులోకి చూశాడు. చేతులు కడుక్కునే చోట నిజం చెప్పాడు. పైసలు తీసుకుని ఎవరో రాసిచ్చారట. అంకెలున్నాయి, మరీజులు లేరు.

మన ఇళ్లలో దీన్ని ఝూటీ గవాహీ అంటాం.

కుర్రాణ్ని ఒక్కణ్నే తిట్టి ఊరుకోను. ప్రమోషన్ కావాలంటే పేపర్లు చూపించమని రూలు పెట్టినవాళ్లు టైమూ ఇవ్వలేదు, తహ్కీక్ నేర్పే ఉస్తాదునూ ఇవ్వలేదు. 2016లో డాక్టర్ సమీరన్ నందీ బృందం లెక్క తీసింది. 2005 నుంచి 2014 దాకా దేశంలోని 579 వైద్య సంస్థల్లో 332 ఒక్క పేపరూ వెలువరించలేదు. అలాంటి చోట సంఖ్య అడిగితే బజార్ పుడుతుంది. పుట్టింది కూడా. నిపుణులు పరిశీలించారని ఝూట్ చెప్పి, ఫీజు సంగతి దాచిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టిన ఓమిక్స్ మన హైదరాబాదుదే. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఇక్కడే దిల్ మండుతుంది. అదే హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాల డాక్టరీని ఉర్దూలో నేర్పింది. 1889లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరిస్తే, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ బృందం క్లోరోఫాం మీద వందల జంతువులతో పరీక్షలు చేసింది. లాన్సెట్ పత్రిక అచ్చేసింది. నతీజా ఏమిటంటే, ముందు శ్వాస ఆగుతుంది, గుండె ఆ తర్వాతేనని. గలత్! ఆ మత్తులో గుండె ముందే ఆగగలదని 1911లో లెవీ చూపించాడు. కానీ లారీ ఏం చేశాడో, ఏం చూశాడో కాయితం మీద ఉంది కాబట్టే దానితో కొట్లాడగలిగారు. లేని మరీజుతో ఎవరు కొట్లాడతారు?

ఆ దొంగ అంకెలే రేపు అసలైన అంకెల్లో కలుస్తాయి. వాటిని నమ్మి ఇంకో డాక్టర్ దవా రాస్తాడు. షుగర్‌తో కాలు పుండై గుంటూరు జీజీహెచ్‌కు బస్సెక్కే మన ఖాలాకే ఆ దవా. ఆమె కేస్‌షీటు అమానత్. తహ్కీక్ అక్కడ మొదలవ్వాలి.

ప్రమోషన్‌కు పేపర్ల లెక్క తీసేయండి. బాగా వైద్యం చేసేవాణ్ని, బాగా పాఠం చెప్పేవాణ్ని ఆ పని చూసే పెంచండి. అమ్మీ అబ్బాలూ, పేపర్ అనగానే మిఠాయి పంచకండి. మరీజులెవరు, వాళ్ల ఇజాజత్ అడిగావా అని మీ డాక్టర్ బిడ్డను అడగండి.

ఆ పెద్దాయనకు నేనింకా ఏమీ చెప్పలేదు. జుమ్మాకు కలుస్తారు.