దూరం ఎక్కువ... ప్రయాణం తక్కువ!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నలు మొదట అడిగే ప్రశ్న ‘విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి?’ అనే. ఎంత దూరమో తెలిస్తే ఎంతసేపో తెలిసిపోతుందనుకుంటాం. కానీ ఆకాశంలో ఆ లెక్క ఒక్కోసారి తలకిందులైపోతుంది. అందుకు ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణమే మంచి ఉదాహరణ.

ఈ రెండు నగరాల మధ్య మధ్యలో ఎక్కడా ఆగని విమానాన్ని ఎయిరిండియా 2015 డిసెంబరులో మొదలుపెట్టింది. అప్పట్లో అది పడమరగా వెళ్లి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికా చేరేది. ఆ దారి పొడవు దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో విమానాన్ని తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. కొత్త దారి 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు అదనం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానం వెళ్లే దూరంకన్నా ఎక్కువే! అయినా తొలిసారి ఆ దారిలో వెళ్లిన విమానం పద్నాలుగున్నర గంటల్లోనే గమ్యం చేరింది.

కారణం... గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి ‘జెట్ స్ట్రీమ్’ అనే బలమైన గాలులు నదిలా ప్రవహిస్తుంటాయి. పడమరకి వెళ్లడమంటే ఏటికి ఎదురీదడమే. తూర్పుకి వెళ్తే గాలివాలు కలిసొస్తుంది. గంటకి 800 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానం ఎదురుగాలి వల్ల 776కి తగ్గితే, వెనక నుంచి తోసే గాలితో 938కి చేరుతుందని అప్పట్లో అధికారులు లెక్కగట్టారు. భాగించి చూస్తే, దగ్గరి దారికి దాదాపు 18 గంటలు, చుట్టుదారికి 16 గంటల పైచిలుకు!

ఇక, గడియారం చేసే తమాషా మరొకటి. టికెట్ మీద ఉండే వేళలు ఆయా ఊళ్ల సమయాలు. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో ఎక్కి పద్నాలుగున్నర గంటలు ప్రయాణిస్తే, అక్కడ దిగేసరికి అదే రోజు తెల్లవారుజామున ఐదు! టికెట్ చూస్తే గంట ప్రయాణమే అనిపిస్తుంది.

కానీ ఒంటికి ఆ గడియారంతో పనిలేదు. దానికి గడిచిన గంటలే లెక్క. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఎక్కడి సమయం ప్రకారం ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్ని అడిగి రాసుకోవాలి. మాత్రల్ని చేతిసంచీలోనే పెట్టుకోవాలి. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది కాబట్టి, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయాలి.

అంటే... అమ్మానాన్నలు అడిగే ప్రశ్నే సరైనదన్నమాట. ఎన్ని కిలోమీటర్లని కాదు, ఎన్ని గంటలు కూర్చోవాలనే!