ఊరు ఉన్నది ఎవరికి?

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండల్లో పాత ఇల్లు రక్షిత కట్టడాల జాబితాకెక్కితే పాత కిటికీ తీసి కొత్తది పెట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. ఆ ఇంట్లో ఎవరు కాపురం ఉండాలన్నది మాత్రం డబ్బున్నవాడి ఇష్టం. గోడలకున్న రక్షణ ఊరి జనానికి లేదు.

ఆ కొండల్లోనే, గ్లోస్టర్‌షైర్‌లో బోర్టన్-ఆన్-ది-వాటర్, లోయర్ స్లాటర్, అప్పర్ స్లాటర్ పక్కపక్క ఊళ్లు. ఒకదాన్నుంచి ఇంకోదానికి కాలిబాటన హాయిగా నడిచిపోవచ్చు. తేనెరంగు సున్నపురాతి ఇళ్లు, రాతిపలకల కప్పులు, వీధి పక్కనే పారే వాగు. అప్పర్ స్లాటర్ కూడలిలోని కాటేజీలకు 1906లో కొత్త రూపమిచ్చింది ఎడ్విన్ లుటియెన్స్. తర్వాత ఢిల్లీలో వైస్రాయ్ భవనం కట్టిన ఆయనే!

బోర్టన్‌లో ఒక వింత ఉంది. సత్రం పెరట్లో అదే రాతితో ఊరంతటినీ తొమ్మిదో వంతు కొలతలో కట్టి, 1937లో తెరిచారు. ఆ బుల్లి ఊళ్లోని సత్రం పెరట్లో మళ్లీ అంతకన్నా బుల్లి ఊరు! దాన్ని చూడాలంటే టికెట్టు కొనాలి. అసలు ఊరికి టికెట్టు లేదు కాబట్టి జనం విరగబడతారు.

కాస్త దక్షిణాన ఉన్న బైబరీది ఇంకా అవస్థ. అక్కడి ఆర్లింగ్టన్ రో 14వ శతాబ్దంలో ఉన్ని గిడ్డంగి. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లయింది. వాటిలో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు. వాళ్ల గుమ్మాల ముందే ఫొటోలు. రద్దీ భరించలేక 2025లో ఊరి నడుమ టూరిస్టు బస్సులు ఆగే చోట్లను ప్రయోగాత్మకంగా ఎత్తేశారు.

మంచిదే, కానీ సగం మందే. పర్యాటకుల వల్లే టీకొట్లూ పబ్బులూ నడుస్తున్నాయన్న వాదనలో నిజముంది. అయితే ఆ టీ అందించే పిల్లకు అదే ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకాలి కదా? సెలవులకు వచ్చిపోయేవాళ్ల రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్నును రెట్టింపు చేసే అధికారం 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్లకు వచ్చింది. ఆ అదనపు సొమ్ము స్థానికులకు అద్దె ఇళ్లు కట్టడానికే వాడాలన్నది నా మాట.

లండన్, బర్మింగ్‌హామ్ నుంచి వారాంతాల్లో అటు వెళ్లే తెలుగువాళ్లకూ ఒక మాట. వీలైతే మామూలు రోజున వెళ్లండి, అక్కడే భోంచేయండి, ఇళ్ల గేట్లు దాటి లోపలికి అడుగు పెట్టకండి.