అమ్మ చదవలేని యాప్ ఎవరి కోసం?

 

ఈసారి గోడపత్రికకు నాగోబా జాతర మీద వ్యాసం రాస్తానని పేరు ఇచ్చాను. కానీ పోయిన వారం సైన్స్ క్లబ్బులో జరిగిన వాదన నా మనసులోంచి పోవడం లేదు. అందుకే జాతర సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నా మాట తప్పనిపిస్తే కింద ఖాళీ వదిలాను, మీ అభిప్రాయం పెన్సిలుతో రాయండి. పెన్నుతో రాయొద్దు, చార్టు పాడవుతుంది.

మీకు తెలుసు, మేము ఎనిమిది మందిమి సైన్స్ ఫెయిర్ కోసం ఒక మొబైల్ యాప్ తయారు చేస్తున్నాము. హాస్టల్లో ఉండే పిల్లలకూ, ఊళ్ళో ఉండే తల్లిదండ్రులకూ మధ్య అది పని చేయాలి. ఐదో తరగతి చెల్లెళ్ళు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. యాప్ అంటే టచ్ ఫోన్లో కనిపించే చిన్న బొమ్మ. దాన్ని నొక్కితే తెరుచుకొని ఒక పని చేసి పెడుతుంది. కంప్యూటర్ సార్ మాకు ఎం.ఐ.టి. యాప్ ఇన్వెంటర్ అనేది చూపించారు. దాన్ని 2010లో గూగుల్ వాళ్ళు మొదలుపెట్టారు. 2012 నుంచి అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ చూసుకుంటోంది. డబ్బులు కట్టనక్కర లేదు. టైపు చేసే పని కూడా తక్కువే, రంగు ముక్కలు ఒకదానికొకటి తగిలించాలి. "ఈ బటన్ నొక్కితే" అనే ముక్కలో "ఈ శబ్దం వినిపించు" అనే ముక్క ఇరుక్కుంటుంది. ఇరుక్కోలేదంటే మనం తప్పు పెట్టామన్నమాట. తర్వాత కంప్యూటర్లో వచ్చే గళ్ళ బొమ్మను ఫోనుతో స్కాన్ చేస్తే మనం చేసినది ఫోన్లోకి వస్తుంది. రెండూ ఒకే వైఫైలో ఉండాలి. మాకు నాలుగుసార్లు రాలేదు, ఐదోసారి వచ్చింది. అప్పుడు మేము అరిచిన అరుపుకి వంట అక్కలు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

కంప్యూటర్ మాకు వారానికి రెండు గంటలే దొరుకుతుంది. కాబట్టి ముందుగా అట్టతో నమూనా చేశాము. బిస్కెట్ల పెట్టె అట్టను ఫోనంత సైజుకి కోసి, మధ్యలో కిటికీ చేసి, పొడుగు కాగితం పట్టీ అందులో దూర్చాము. పట్టీ మీద ఒక్కో తెర గీశాము. ఎవరైనా వేలితో బటన్ నొక్కితే మాలో ఒకరు పట్టీ లాగుతారు, తర్వాతి తెర వస్తుంది. మొదటి తెరలో ఆరు బటన్లు: హాజరు, మార్కులు, సెలవులు, ఆరోగ్యం, నోటీసులు, ఫొటోలు. అన్నీ తెలుగులోనే, గుండ్రటి అక్షరాలతో. ఆ అక్షరాలు రాసింది నేనే. కాబట్టి నేను వేరేవాళ్ళను తప్పు పడుతున్నానని అనుకోవద్దు.

రెండో శనివారం మా అమ్మ వచ్చింది. వేపచెట్టు కింద కూర్చోబెట్టి అట్ట ఫోను చేతికిచ్చాను. "అమ్మా, నాకు జ్వరం వచ్చిందనుకో, దీంట్ల నీకెట్ల తెలుస్తది?" అని గోండిలో అడిగాను. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆరోగ్యం" దగ్గర గుండె బొమ్మ కూడా వేశాము, దాని మీద ఆమె చూపు పడలేదు. ఆకుపచ్చ రంగు వేసిన "హాజరు" నొక్కింది. నొక్కి, అట్టను చెవి దగ్గర పెట్టుకుంది. పెట్టుకొని ఊరుకుంది, నేను మాట్లాడతానని.

మా వాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను, అది ఒప్పుకుంటున్నా. అమ్మ కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి స్టడీ అవర్లో నాకు లెక్కలు ఎక్కలేదు.

అమ్మ తప్పు ఏం చేసింది? ఫోను అంటే చెవికి పెట్టుకునేది. ఆకుపచ్చ అంటే మాట్లాడు, ఎరుపు అంటే పెట్టేయ్. మా ఇంట్లో ఉన్న బటన్ల ఫోన్లో ఆమెకు అట్లనే తెలుసు. మా అమ్మ బడికి పోలేదు కానీ పత్తి తూకం వేసేటప్పుడు కాంటా మీద ఎవరూ ఆమెను మోసం చేయలేరు. మూట ఎత్తి చూసి ఎన్ని కిలోలో చెబుతుంది, రెండు కిలోలు అటు ఇటుగా సరిపోతుంది. అట్లాంటి మనిషికి మేము చేసినది పనికిరాలేదంటే, సరిచేయాల్సింది ఆ అట్టనే కానీ అమ్మను కాదని నా అభిప్రాయం.

క్లబ్బులో వాదన ఇక్కడే వచ్చింది. నా స్నేహితురాలు ఏమందంటే, ఇప్పుడు ప్రతి ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారు, వాళ్ళు చదివి చెబుతారు, జడ్జీలకు మాత్రం ఆరు బటన్లు ఉంటేనే బాగుంటుంది అని. ఆమె మాటలో కొంత నిజం ఉంది. మా ఊళ్ళో టచ్ ఫోన్లు ఉన్నాయి. కానీ అవి ఎవరి చేతిలో ఉన్నాయి? మాకు దగ్గరిది మా పెదనాన్న కొడుకుది. అన్న మంచివాడే. కానీ పత్తి ఏరే రోజుల్లో పొద్దున పోతే రాత్రి వస్తాడు. మా వాడలో సిగ్నల్ ఉండదు, చెరువు కట్ట ఎక్కాలి.

నేను ఇంతకు ముందు వేరే చోట చదివేటప్పుడు మూడు రోజులు జ్వరంతో పడుకున్నాను. ఇంటికి మెసేజ్ పంపామని చెప్పారు. పంపారు, అబద్ధం కాదు. అది అన్న ఫోన్లో ఉంది. అన్న చూసేసరికి నాలుగో రోజు. అమ్మ అయిదో రోజు వచ్చింది, అప్పటికి నేను లేచి క్లాసుకి పోతున్నా. అమ్మ నా నుదురు పట్టుకొని చూసింది, ఏమీ లేదు. "జ్వరం ఏదీ?" అంది. నాకు ఏడుపు వచ్చింది. జ్వరం ఉన్నప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇంకో మాట ఉంది, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. "ఆరోగ్యం" బటన్లో ఆడపిల్లల సంగతులు కూడా వస్తాయి. అవి మా అన్న చదివి, వాడ మధ్యలో నిలబడి మా అమ్మకు చెప్పాలా? మేడమ్ గారు అర్థం చేసుకుంటారు. మా మాట మా గొంతుతో నేరుగా అమ్మ చెవికే పోతే ఈ తిప్పలు ఉండవు.

గొంతు అన్నాక భాష సంగతి వస్తుంది. గోండిలో నీళ్ళను "ఏర్" అంటాము. ఒకటో తరగతిలో పుస్తకంలో "ఏరు" అని చూసి నేను గ్లాసు చూపించాను. టీచరు వాగు బొమ్మ చూపించారు. (వాగులో ఉండేది కూడా నీళ్ళే కదా!) నేను తొమ్మిదికి వచ్చాను కాబట్టి ఇప్పుడు నవ్వుతున్నా. మా అమ్మ ఇంకా ఆ ఒకటో తరగతి బెంచీ దగ్గరే ఉంది, ఫోన్లో వచ్చే తెలుగు గొంతు ఆమెకు సగమే అర్థమవుతుంది. యాప్‌లో రాసినదాన్ని పైకి చదివే ముక్క కూడా ఒకటి ఉంది. తెలుగు చదివింది, గోండి అని వెతికితే ఆ జాబితాలో లేనే లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి తమ భాష అని చెప్పినవాళ్ళు దాదాపు 30 లక్షల మంది ఉన్నారు.

సార్ ఇంకో సంగతి చెప్పారు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ వాళ్ళు 2025 సెప్టెంబరులో "ఆది వాణి" అని ఒక అనువాద యాప్ తెచ్చారు. సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండి కూడా ఉంది. వినగానే చాలా సంతోషమైంది. అయితే అది ఛత్తీస్‌గఢ్ గోండి. మన ఆదిలాబాద్ గోండి వేరేగా ఉంటుంది. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి కూడా 2018లో యూనికోడ్‌లోకి చేరింది, అంటే కంప్యూటర్లు ఆ అక్షరాలను గుర్తుపట్టడానికి నంబర్లు ఇచ్చారు. అది మనకు గర్వం. కానీ మా అమ్మకు తెలుగు అక్షరం రానట్టే గుంజాల అక్షరం కూడా రాదు.

అందుకే నాకు అన్నిటికంటే నచ్చింది "సీజీనెట్ స్వర" పద్ధతి. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైంది. దానికి టచ్ ఫోను అక్కరలేదు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచే ఫోను వస్తుంది, ఇచ్చినవాళ్ళకు పైసా ఖర్చు లేదు. ఒకటి నొక్కితే మన మాట చెప్పొచ్చు, రెండు నొక్కితే వేరేవాళ్ళ మాట వినొచ్చు. తమ ఊరికి బోరు పాడైందని, రేషన్ రాలేదని గోండివాళ్ళు గోండిలోనే చెప్పుకున్నారు. ఇది విన్నాక మా ఆరు బటన్లు నాకు చాలా చిన్నగా కనిపించాయి.

ఇక మా అమ్మను నేను ఇంకొకటి అడిగాను. "నా గురించి నీకు ఏం తెలవాలె?" అని. మార్కులు అంటుందనుకున్నా. "తిన్నవా లేదా, రాత్రి ఎవరి పక్కన పంటున్నవ్, భయం అయితుందా" అంది. తర్వాత తనే చెప్పింది, మా ఎర్రావు ఈనిందట, కోడెదూడ అట. వచ్చి పది రోజులైనా నాకు తెలియదు! మా యాప్‌లో అమ్మ చెప్పడానికి చోటే లేదు. ఆరు బటన్లూ హాస్టల్ చెప్పేవే, ఇల్లు వినేదే. మార్కులు వద్దని నేను అనడం లేదు. చూపించండి, నావి కూడా చూపించండి, హిందీ తప్ప. కానీ ఎర్రావు సంగతి కూడా హాస్టల్‌కు రావాలి. మనలో చాలామంది రాత్రి దుప్పట్లో ఏడ్చేది మార్కుల కోసం కాదు.

నేను కొత్త పట్టీ గీశాను. అందులో ఒకే ఒక్క తెర. పైన పిల్ల ఫొటో ఉంటుంది, ఎందుకంటే పేరు చదవలేకపోయినా ముఖం గుర్తుపట్టని అమ్మ ఉండదు. ఫొటో నొక్కితే పిల్ల గొంతు వినిపిస్తుంది. కింద ఆకుపచ్చ గుండ్రం నొక్కి పట్టుకొని మాట్లాడితే అమ్మ గొంతు ఎక్కుతుంది. ఎరుపు నొక్కితే అయిపోయినట్టు. గొంతు రికార్డు చేసే ముక్క యాప్ ఇన్వెంటర్లో ఉంది, పెట్టి చూశాను, పని చేసింది. బటన్ల ఫోనుకు మిస్డ్ కాల్ పద్ధతి పెట్టాలంటే మాత్రం నంబరు కావాలి, ఖర్చవుతుంది, అది మా చేతిలో లేదు. సార్ అడిగి చూస్తానన్నారు.

క్లబ్బులో చేతులెత్తితే ఐదుగురు పాత ఆరు బటన్లకే ఎత్తారు, ముగ్గురం కొత్తదానికి. సైన్స్ ఫెయిర్‌కు ఇంకా నెల ఉంది. నేను ఓడిపోయినందుకు రాస్తున్నానని కొందరు అంటున్నారు, అనుకోనివ్వండి. నేను అడిగేది ఒక్కటే. ఏ అట్ట గెలవాలో మన ఎనిమిది మందిమి చేతులెత్తి తేల్చొద్దు. రెండు అట్టలూ అమ్మల చేతిలో పెడదాం. వాళ్ళు దేనితో మన మాట వినగలిగితే అదే తీసుకుపోదాం. ఆరు బటన్లే గెలిస్తే నేనే మళ్ళీ అక్షరాలు దిద్ది ఇస్తాను.

మేడమ్ గారికి మనవి: వచ్చే రెండో శనివారం తల్లిదండ్రులు గేటు దగ్గర సంతకం, వేలిముద్ర పెట్టాక మమ్మల్ని ఒక గంట వేపచెట్టు కింద కూర్చోనివ్వండి. స్నేహితురాళ్ళారా, ఆ రోజు మీ అమ్మ కానీ, నాయిన కానీ, అవ్వ కానీ వస్తే మా దగ్గరకు తీసుకురండి. కోలామి మాట్లాడేవాళ్ళు, లంబాడీ మాట్లాడేవాళ్ళు తప్పకుండా కావాలి. మాలో కోలామి వచ్చినది ఒక్కతే, ఆమె కూడా పాత అట్టకే చెయ్యి ఎత్తింది. వచ్చినవాళ్ళు అట్టను చెవికి పెట్టుకుంటే ఈసారి ఎవరూ నవ్వకండి.

— 9వ తరగతి విద్యార్థిని, సైన్స్ క్లబ్