ఎక్కడి నుంచైనా అంటే ఎక్కడి నుంచి?

ఈ మధ్య ఒక మాట తెగ వినిపిస్తోంది. "ఇప్పుడు ఎక్కడ కూర్చునైనా పని చేసుకోవచ్చు" అని. ఈ మాట హుకూమత్ వాళ్లు అంటున్నారు, కంపెనీల వాళ్లు అంటున్నారు, మన రిష్తేదారులూ అంటున్నారు. మా మండపేట రైస్ మిల్లుల ఊరు. డిగ్రీ చదివిన పిల్లలు హైదరాబాదో బెంగళూరో పోవాల్సిందే అనుకునేవాళ్లం. సొంతూళ్లోనే రోజీ దొరుకుతుందంటే ఎవరికి ఖుషీ ఉండదు? నాకూ ఖుషీయే. కానీ ఆ మాటలో సగం ఝూట్ ఉంది. నా ఝగడా ఆ సగంతోనే.

ముందు ఆ టెక్నాలజీకి ఇవ్వాల్సిన ఇజ్జత్ ఇద్దాం. వర్చువల్ డెస్క్‌టాప్ అంటే అసలు కంప్యూటర్ మన ఇంట్లో ఉండదు. ఎక్కడో డేటా సెంటర్లో ఒక పెద్ద మెషీన్ ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో చాలా కంప్యూటర్లుగా పంచుతారు. అందులో ఒకటి మనది. మనం నొక్కిన అక్షరం అక్కడికి పోతుంది, తెర మీది బొమ్మ ఇక్కడికి వస్తుంది. మన చేతిలో ఉన్నది ఒక ఖిడ్కీ మాత్రమే. పాత ల్యాప్‌టాప్ ఉన్నా చాలు. అది చోరీ అయినా కంపెనీ లెక్కలు భద్రం. గరీబు ఇంటి పిల్లకు ఇది నిజంగా మేలు.

కానీ ఆ ఖిడ్కీకి ఒక్కటే తీగ. అది తెగితే ఏముంది చేతిలో? మామూలు కంప్యూటర్లో నెట్ లేకపోయినా నాలుగు లెక్కలు వేసుకోవచ్చు, ఒక ఉత్తరం రాసుకోవచ్చు. ఇందులో అదీ లేదు. ఆ తీగ ఎవరి చేతిలో ఉందో 2022లో మన జిల్లా చూసింది.

ఆ ఏడాది ఏప్రిల్లో కోనసీమ జిల్లా పుట్టింది, మన మండపేట అందులో చేరింది. మే నెలలో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామని నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురంలో మంత్రి ఇంటినీ, ఎమ్మెల్యే ఇంటినీ తగలబెట్టారు. తగలబెట్టింది జుల్మే. చేసినవాళ్లకు సజా పడాల్సిందే. కానీ ఆ వెంటనే నెట్ ఆపేశారు. అది పూర్తిగా తిరిగి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.

అమలాపురంలో మా ఖాలా కూతురు అప్పుడు ఒక కంపెనీకి ఇంటి నుంచే బిల్లుల పని చేసేది. పేరెందుకు, మన ఇళ్లలోని ఏ బేటీ అయినా అనుకోండి. వాళ్ల అబ్బా ఒప్పుకున్నది ఒకే షర్తు మీద: గడప దాటకుండా చేసేదైతే చెయ్. ఇంట్లో ఉన్నది ఫోన్ డేటా ఒక్కటే. ఆ పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే లాగిన్ దగ్గరే ఆగిపోయింది. మర్నాడూ అంతే.

మగపిల్లలు బైకులెక్కారు. గోదావరి గట్ల మీద, వంతెనల దగ్గర, సిగ్నల్ తగిలిన చోటల్లా ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. యానాం పుదుచ్చేరిది కాబట్టి మన సర్కారు హుకుం అక్కడ నడవదు, కొందరు అటు పోయారు. మా పిల్ల ఎక్కడికి పోతుంది? ఊళ్లో 144 సెక్షన్, ఇంట్లో అబ్బా షర్తు. పోయిన రోజులన్నీ సెలవుల్లో కోసేశారు. తర్వాత "మీ ఏరియాలో నెట్ మీద భరోసా లేదు" అని ఇంకో ప్రాజెక్టు ఇవ్వలేదు. ఆమె కసూర్ ఏమిటి?

"పుకార్లు ఆపాలి కదా భాయ్" అంటారు. ఆపండి. కానీ పుకారు పంపినవాడికీ, బిల్లు కొట్టుకునే పిల్లకూ ఒకే సజానా? 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు సాఫ్‌గా చెప్పింది. నెట్ ద్వారా చేసుకునే పేషాకు రాజ్యాంగం 19(1)(జి) కింద రక్షణ ఉంది. గడువు లేకుండా నెట్ ఆపడం కుదరదు, హుకుం జనానికి తెలిసేలా ప్రచురించాలి, అవసరానికి మించకూడదు. కశ్మీర్లో నెట్ ఆపినందుకు వచ్చిన కేసు అది. అప్పుడు మనలో చాలామంది అది దూరం ఊరి మాట అనుకున్నాం. రెండేళ్లు తిరిగేసరికి మన గోదావరి గట్టుకే వచ్చింది. ఆ రాజ్యాంగం ముసాయిదా రాసిన బాబాసాహెబ్ పేరు మీద గొడవ జరిగితే, ఆ రాజ్యాంగం ఇచ్చిన హక్కునే పక్కన పెట్టారు. ఇంతకంటే తమాషా ఏముంటుంది?

ఇది ఒక్క కోనసీమ మాట కాదు. యాక్సెస్ నౌ అనే సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తంలో 187 సార్లు నెట్ ఆపితే, అందులో 84 సార్లు మన దేశంలోనే. 2024లో వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం కూడా ఒక్కో హుకుం 15 రోజుల దాకా నడవచ్చు. నౌకరీ పోవడానికి 15 రోజులు చాలవా?

2025 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వాదా చేశారు: వర్క్ ఫ్రమ్ హోమ్ పెద్ద ఎత్తున తెస్తాం, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం అని. షుక్రియా. అంతకుముందు హుకూమత్ కూడా వర్క్ ఫ్రమ్ హోమ్ టౌన్లు అంది. హుకూమత్‌లు మారాయి, స్విచ్ మాత్రం అక్కడే ఉంది. కాబట్టి మా ముతాలబా ఇదీ. నెట్ ఆపినా ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు తీగ ఉండాలి. మొత్తం ఆపక తప్పకపోతే ప్రతి మండలంలో ఒక లైబ్రరీలోనో కాలేజీలోనో, ఆడపిల్లలు ధైర్యంగా కూర్చునే చోట, లైను తెరిచి ఉంచాలి. పోయిన రోజుల మజూరీకి సర్కారు జవాబుదారీ కావాలి. హుకుం వల్ల నెట్ పోతే ఆ కారణంతో కంపెనీ పని తీసేయకూడదు. ఇవన్నీ పాలసీలో రాసి ఇవ్వండి.

మనవైపు కూడా ఒక మాట. ఖాలూజాన్, మీ షర్తు ఆరోజు మీ బేటీని బచాయించలేదు, పని చేయనివ్వలేదు. కంపెనీ ఎక్కడి నుంచైనా అంది, సర్కారు ఎక్కడి నుంచైనా అంది. మీరు ఒక్క గది అన్నారు. ఆ గదికి వచ్చే తీగ ఇంకొకరి చేతిలో ఉందని తెలిశాక అయినా, ఆమెను బయటి లైబ్రరీ దాకా పోనిస్తారా?