తోటలో పెళ్లి సరే, ఆఖరి బస్సు ఎన్నింటికి?

మా పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది. లగ్గం వచ్చే మాఘంలో. ఈ మాట మీతో చెప్పుకుంటే నాకు సగం బరువు తగ్గినట్టుంటుంది. మిగతా సగం ఏమిటంటారా? పెళ్లి ఎక్కడ చెయ్యాలన్నదే!

నా పెళ్లికి ఈ గొడవ లేదు. మా అమ్మగారింటి వాకిట్లో పచ్చటి పందిరి, పక్కింటివాళ్ల పెరట్లో పొయ్యిలు. చుట్టాలు పడుకోవడానికి వీధిలో ప్రతి అరుగూ మనదే. ఇప్పుడు నాచారంలో మా ఇంటి ముందు పందిరి వేస్తే స్కూలు బస్సు తిరగదు. పోనీ దగ్గర్లో ఫంక్షన్ హాలు చూద్దామంటే అమ్మాయి మూతి ముడిచింది. "అన్నీ ఒక్కలాగే ఉంటాయమ్మా. చెట్ల మధ్య, పచ్చగడ్డి మీద చేసుకుంటాను. ఒక్క రోజే కదా!" అంది. ఒక్క రోజే కదా అన్నాక ఏ తల్లి కాదనగలదు చెప్పండి?

ఇక ప్రతి ఆదివారం తోటల వెంట పడ్డాం. ఉప్పల్ రింగు రోడ్డు నుంచి వరంగల్ దారి పడితే బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, అన్నోజిగూడ, ఘట్‌కేసర్... అటూ ఇటూ గార్డెన్లే. ఔటర్ రింగు రోడ్డు దాటి బీబీనగర్ వైపు పోయేకొద్దీ స్థలం పెద్దదవుతుంది, అద్దె తగ్గుతుంది. కీసర వైపు ఫామ్‌హౌసులూ చూశాం. పగలు పదకొండింటికి, ఖాళీగా ఉన్న లాను ఎవరికి నచ్చదు? "ఉప్పల్ నుంచి అరగంటే మేడమ్" అంటాడు మేనేజరు. అది ఏ పూట అరగంటో అతను చెప్పడు, మనమే కనుక్కోవాలి.

ఈ దారి సంగతి మాకు తెలియనిదా! ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. ఆ దుమ్ము తినని చీర నా బీరువాలో లేదు. శనాదివారాల్లో యాదగిరిగుట్ట వెళ్లేవాళ్ల కార్లు. వేసవి ముహూర్తమైతే ఉప్పల్ స్టేడియంలో ఆ రాత్రి ఐపీఎల్ మ్యాచ్ ఉందేమో చూసుకోవాలి, లేకపోతే పెళ్లికొడుకు కారు కూడా క్రికెట్ జనంలో ఇరుక్కుంటుంది. మాఘం ముహూర్తాలకి మరో చిక్కు. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘ పున్నమి రోజుల్లోనే వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. ఆ రోజుల్లో వరంగల్ దారంతా జాతర బండ్లే. మాది జాతర లేని ఏడు కాబట్టి బతికిపోయాం.

ఒక తోట అయితే నాకే తెగ నచ్చేసింది. కొబ్బరి చెట్లు, దూరంగా నీళ్లు మెరుస్తున్నాయి. మా అత్తమ్మ మాత్రం, "ఆ నీళ్లు ఎక్కడివో అడుగు" అంది. మూసీవి! నగరం మురుగంతా మోసుకుని ఉప్పల్ దాటి, ప్రతాపసింగారం మీదుగా ఎదులాబాద్ వైపు పోయే మూసీ. అదే తోటకి సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్లాం. గాలి ఇటు తిరగగానే అందరం కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాం. దోమల సంగతి ఇక చెప్పను. ఏ తోటైనా సరే, పెళ్లి జరిగే వేళకి ఒకసారి వెళ్లి, ఒక గంట ఊరికే కూర్చుని రండి. మాఘం రాత్రి మంచుకి కుర్చీలు ఎంత తడుస్తాయో, పసిపిల్లలు ఎంత దగ్గుతారో కూడా అప్పుడే తెలుస్తుంది.

నన్ను అసలు భయపెట్టింది వేరే. మొన్న వైశాఖంలో మా అక్క కూతురి పెళ్లి ఇలాగే ఊరి బయట ఒక గార్డెన్లో చేశారు. పేరెందుకులెండి. ముహూర్తం రాత్రి పన్నెండుకి దగ్గర. తొమ్మిదింటికి గాలివాన మొదలైంది, కరెంటు పోయింది. జనరేటరు ఉందన్నారు, ఉంది. కానీ అది స్టేజీ లైట్లకి మాత్రమేనట! బాత్రూముల దగ్గర చీకటి, మోటారు లేక పైన ట్యాంకులో నీళ్లు లేవు. డెబ్బై మూడేళ్ల మా అత్తమ్మ అంత దూరం బురదలో నడవలేక, రాత్రంతా మంచినీళ్లు కూడా తాగకుండా వ్యానులో కూర్చుంది. ఎందుకు తాగలేదో మనలాంటి ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

ఇంకో ముచ్చట. ఆ పెళ్లికూతురి జాకెట్లన్నీ మా వీధిలో మిషను కుట్టే అక్కే కుట్టింది. మగ్గం పనికి కళ్లు పోయేలా కూర్చుంది. పెళ్లికి వచ్చింది, అన్నం తిన్నది, లేచి వెళ్లిపోయింది. మర్నాడు అడిగితే, "పిల్లను పీటల మీద సూడనే లేదు చెల్లె, ఆఖరి బస్సు పోతదని లేచిన" అంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి బస్సులో టికెట్ లేదు, నిజమే. కానీ రాత్రి పన్నెండింటికి ఆ బస్సే లేకపోతే?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిలుపుల పుస్తకం తీసి, ప్రతి పేరు పక్కనా కారు, బండి, బస్సు అని రాసుకున్నాను. మూడు వందల అరవై పేర్లలో 'బస్సు' నూట పద్దెనిమిది మందికి పడింది! మావారితో నాచారం ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు, రైల్లో వచ్చి ఘట్‌కేసర్‌లో దిగే మా పుట్టింటివాళ్లు, మా ఇంట్లో అంట్లు తోమే పిల్లా, వాళ్లమ్మా. కార్లున్నవాళ్లు నా పెళ్లికూతురిని ఎత్తుకోలేదు, వీళ్లే ఎత్తుకున్నారు. పుస్తకం అమ్మాయి ముందు పెట్టాను. చదివింది. ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి వెతకడం మారిపోయింది. ఘట్‌కేసర్‌కి ఇవతలే, 280 నంబరు బస్సు దిగి ఐదు నిమిషాలు నడిస్తే వచ్చే చోటు ఒకటి దొరికింది. కొబ్బరి చెట్లు లేవు. నాలుగు వేపచెట్లు, ఓ మోస్తరు లాను, పక్కనే కప్పున్న హాలు. జనరేటరు వేయించి బాత్రూముల్లో లైటు వెలగడం కళ్లారా చూశాను. మేనేజరు నన్నో వింత మనిషిలా చూశాడు, చూడనీయండి! నీళ్ల ట్యాంకరు ఎవరి ఖర్చు, కరెంటు బిల్లు, శుభ్రం చేసే కూలి, జీఎస్టీ అద్దెలోనివా, విడివా అన్నది కాగితం మీద రాయించుకున్నాం. వంటవాళ్లని బయటినుంచి తెచ్చుకోనిస్తారా అన్నది కూడా. కొన్నిచోట్ల అద్దె తక్కువ చెప్పి భోజనంలో గుంజుతారు.

ముహూర్తం పగటిపూట పెట్టించమన్నది నా మొండితనమే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకులు పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. తలుపులు మూసిన హాలుకి మినహాయింపు ఉంది, లానుకి లేదు. తలంబ్రాల వేళకి పోలీసు వచ్చి సన్నాయి మైకు ఆపమంటే ఎంత అప్రదిష్ట! పంతులుగారు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి మంచి లగ్నం చూసిచ్చారు.

కానీ మగపెళ్లివారిని ఒప్పించాలి కదా. ఫోను చేతిలో పట్టుకుని గంటసేపు తిరిగాను. ఆఖరికి చేసి, వదినగారూ, ఇదీ సంగతి అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మావాళ్లలో బస్సులో వచ్చేవాళ్లు మీకంటే ఎక్కువే వదినా. నేనే ఎలా అడగాలా అనుకుంటున్నా" అన్నారు.

రాత్రి లైట్ల కింద ఫొటోలు పోయాయని అమ్మాయి రెండు రోజులు అలిగింది. ముందురోజు సాయంత్రం పసుపు వేడుక ఆ వేపచెట్ల కింద చేసి, కావలసినన్ని లైట్లు కట్టిస్తామని మావారు మాటిచ్చారు. ఆర్టీసీ బస్సు ఒకటి రోజంతటికీ అద్దెకి మాట్లాడాం.

మొదటి శుభలేఖ దేవుడి దగ్గర పెట్టి, రెండోది మిషను అక్కకి ఇచ్చి వచ్చాను. కవరు విప్పకుండానే, "బస్సు ఎన్నింటికి చెల్లె?" అంది.

"పొద్దున ఎనిమిదింటికి అక్కా. మన వీధి చివరే ఆగుతుంది."