పిల్లలకు వెనక నిలబడటం కూడా నేర్పుదాం

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లం పిల్లల్ని ఏ క్లాసులో చేర్చాలన్నా ముందు వేసుకునే ప్రశ్న ఒకటే: దీనివల్ల ఏమొస్తుంది? నాలుగో తరగతిలో ఓసీ పరీక్ష, ఆరులో సెలెక్టివ్ స్కూల్ పరీక్ష, పన్నెండులో హెచ్‌ఎస్‌సీ, ఆపైన ఏటార్. సిడ్నీ పడమటి వైపు, మా బ్లాక్‌టౌన్‌లోనూ దాని చుట్టుపక్కల స్కోఫీల్డ్స్, ద పాండ్స్, మార్స్‌డెన్ పార్క్‌లలోనూ తెలుగు ఇళ్ల శనివారాలు ఈ మెట్ల లెక్కనే నడుస్తాయి. పొద్దున కోచింగ్, మధ్యాహ్నం కూచిపూడి, సాయంత్రం ఈత. వీటిలో దేన్నీ నేను తక్కువ చేయడం లేదు. మా ఇంట్లోనూ ఇవన్నీ అయ్యాయి. అయితే ఈ జాబితాలో మనవాళ్లెవరూ రాసుకోని ఒక పోటీలో పదిహేనేళ్ల మా అమ్మాయి రెండేళ్లుగా పాల్గొంటోంది. దాని పేరు జూనియర్ హ్యాండ్లింగ్. అంటే కుక్కల ప్రదర్శనలో కుక్కను నడిపించి చూపించే పిల్లల పోటీ.

ఈ మాట వినగానే మనవాళ్లు చాలామంది ముందు నవ్వుతారు. తర్వాత, "మీ కుక్కకు ఎన్ని కప్పులొచ్చాయి?" అంటారు. మాకు కుక్క లేదు. పైగా ఈ పోటీలో మార్కులు కుక్కకు కాదు.

తీర్పు ఎవరికి?

మామూలు కుక్కల ప్రదర్శనలో జడ్జి ప్రతి కుక్కనూ ఆ జాతికి రాసిపెట్టిన ప్రమాణంతో పోల్చి చూస్తారు. ఎత్తు, తల ఆకారం, పళ్లు, నడక అన్నీ లెక్కకొస్తాయి. జూనియర్ హ్యాండ్లింగ్‌లో మాత్రం కుక్క అందచందాలతో పనిలేదు. దాన్ని తీసుకొచ్చిన పిల్ల ఎలా నిలబెట్టింది, ఎలా నడిపించింది, ఎంత ఓపికగా ఉంది అన్నదే చూస్తారు. ప్రాథమిక పాఠశాల పిల్లల నుంచి హైస్కూల్ పిల్లల దాకా వయసుల వారీగా విభాగాలుంటాయి.

పిల్లలు చేతికి నంబరు కట్టుకుని, శుభ్రమైన బట్టలతో, జారని బూట్లతో రింగులోకి వస్తారు. ముందు కుక్కను నాలుగు కాళ్లూ సరిగ్గా కుదిరేలా నిలబెట్టాలి. జడ్జి దగ్గరికొచ్చి దాన్ని తడిమి చూస్తుంటే అది బెదరకుండా చూసుకోవాలి. అడిగితే పళ్లు చూపించాలి. తర్వాత జడ్జి నడవమంటారు. ఒకరిని త్రికోణంలో, ఇంకొకరిని ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఆకారంలో, మరొకరిని తిన్నగా వెళ్లి రమ్మంటారు. మధ్యలో ఆ జాతి గురించో, కుక్క శరీర భాగాల గురించో ప్రశ్నలు వేయవచ్చు. ఒక్కోసారి "మీరిద్దరూ కుక్కల్ని మార్చుకోండి" అంటారు. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

వీటన్నిటికీ పైన ఒక నియమం ఉంది. జడ్జికీ కుక్కకూ మధ్య హ్యాండ్లర్ అడ్డు రాకూడదు. జడ్జి ఇటు నుంచి అటు వెళితే, పిల్ల కూడా చప్పుడు లేకుండా పక్క మారాలి. జడ్జి కళ్లకు ఎప్పుడూ కుక్కే కనిపించాలి.

నన్ను ఆలోచింపజేసింది ఇదే. మార్కులు పిల్లకు, కానీ ఆ పిల్ల తనను తాను చూపించుకుంటే మార్కులు పోతాయి. పక్కనున్న ప్రాణి బాగా కనిపించేలా చేయడమే తన నేర్పు. మనం పిల్లలకు నేర్పేదంతా దాదాపు దీనికి ఎదురు. స్టేజీ ముందుకు రా, మైకు పట్టుకో, గట్టిగా చెప్పు, మొదటి వరసలో నిలబడు అంటాం. అవీ అవసరమే. కానీ రేపు ఉద్యోగంలోనో, సంసారంలోనో, ముసలి తల్లిదండ్రుల మంచం పక్కనో ఎదుటివాళ్లను నిలబెట్టి తాము పక్కకు తప్పుకోవాల్సిన రోజులే ఎక్కువ వస్తాయి. దానికి మనం కోచింగ్ ఎక్కడ ఇప్పిస్తున్నాం?

మనకు కొత్త విద్యేమీ కాదు

ఇదంతా తెల్లవాళ్ల సరదా అనుకునేవాళ్లు ఒక్కసారి సంక్రాంతి గుర్తు తెచ్చుకోండి. గంగిరెద్దులాయన వాకిట్లోకి వస్తే మనం ఎవర్ని చూస్తాం? రంగు గుడ్డలు, గంటలు కట్టుకుని "అమ్మగారికి దండం పెట్టు" అంటే తల వంచే ఎద్దును చూస్తాం. ఆయన పక్కకు జరిగి సన్నాయి ఊదుతుంటాడు. ఆ ఎద్దు ఆయన గొంతులో చిన్న మార్పును కూడా పట్టుకోగలగడం వెనక ఎన్నేళ్ల సావాసం ఉందో మనం ఎప్పుడూ అడగలేదు. ఒంగోలు ఎడ్లను బండలాగుడు పోటీలకు తయారుచేసే రైతులదీ అలాంటి చదువే.

కుక్క విషయంలోనే మనకు కొంచెం చిన్నచూపు. పేరు ఎత్తితే తిట్టు కింద వస్తుంది. కానీ మహాభారతం మొదట్లో తన పిల్లను అకారణంగా కొట్టారని జనమేజయుణ్ణి నిలదీసిన సరమ కుక్కే, చివర్లో ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిందీ కుక్కే. తెలుగు రాజులు స్థిరపడిన తమిళనాడులోని రాజపాళయం పేరుతో ఒక వేటకుక్క జాతే ఉంది. 2005లో భారత తపాలా శాఖ మన దేశపు నాలుగు జాతుల కుక్కల మీద స్టాంపులు వేస్తే, అందులో ఇదొకటి. మా అమ్మాయికి ఈ సంగతి నేను చెప్పలేదు. "మీ దేశంలో ఏ జాతులున్నాయి?" అని ఇక్కడి వాళ్లడిగితే తనే వెతికి తెలుసుకుంది. తన తాతల భాష మాట్లాడే ఊరి కుక్క గురించి సిడ్నీలో నలుగురికి చెప్పుకుంది.

మాటలు రాని చోట

మేం తెనాలి నుంచి ఇక్కడికొచ్చేటప్పటికి తనకు తొమ్మిదేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నోరు విప్పేది కాదు. యాస చూసి నవ్వుతారని భయం. టీచర్లు ప్రతి రిపోర్టులోనూ "నెమ్మదైన పిల్ల" అని రాసేవారు. మా వీధి చివర ఇంట్లో డెబ్బై దాటిన ఒకావిడ లాబ్రడార్లను పెంచుతారు. మోకాళ్ల నొప్పులతో రింగులో పరుగెత్తలేకపోతున్నానని, సాయంత్రాలు ఒక కుక్కను నడిపిస్తావా అని మా అమ్మాయిని అడిగారు. అలా మొదలైంది. మొదట్లో "ఆంటీ" అని పిలిస్తే ఆవిడ నవ్వి, పేరు పెట్టి పిలవమన్నారు. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వాళ్లిద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

కుక్కకు మన ఇంగ్లిష్ యాసతో పనేముంది? గొంతులో భయం ఉందా, చేతిలో తొందర ఉందా అన్నదే దానికి తెలుస్తుంది. దానితో మాట్లాడీ మాట్లాడీ, రింగులో జడ్జి అడిగిన ప్రశ్నకు పదిమంది ముందు జవాబు చెప్పడం తనకు అలవాటైంది.

పోయిన చలికాలంలో ఒక పోటీలో కుక్కల్ని మార్చుకోమన్నారు. లాబ్రడార్ సంగతి తెలిసిందే, తిండి చూపించిన ఎవరి వెంటైనా వెళ్లిపోతుంది. మా అమ్మాయికి వచ్చింది సన్నగా ఉండే విప్పెట్. అది తోక ముడుచుకుని కదలనంది. తను దాన్ని లాగలేదు. పక్కకు తిరిగి కింద కూర్చుని, గొలుసు వదులు చేసి, చెయ్యి వాసన చూడనిచ్చింది. మిగతా పిల్లలు ఎదురుచూస్తున్నారు, గడియారం నడుస్తోంది. కాసేపటికి కుక్క లేచింది, తనూ లేచింది. త్రికోణం సరిగ్గా కుదరలేదు. ఐదుగురిలో నాలుగో స్థానం వచ్చింది. కారులో నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటుంటే తను అడిగింది: "అమ్మా, చివర్లో అది తోక ఊపింది, చూశావా?"

ఆ మాటకు ఏ పరీక్షలోనూ మార్కులు వేయరు. నా వరకు మా అమ్మాయి చదువులో అది ముఖ్యమైన రోజు.

అడ్డు ప్రశ్నలు

చదువు పాడవదా అంటారు. వచ్చే ఏడాది తనకు పదకొండో తరగతి. నెలకు ఒక్క పోటీ, పరీక్షలున్న నెలలో అదీ వద్దు అని తనే క్యాలెండర్ మీద గీసుకుంది. ఇంకో ప్రాణి టైముకు తినాలి, టైముకు నడవాలి అని తెలిసిన పిల్లకు టైంటేబుల్ వేరే నేర్పనక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు అంటారు. మా అత్తగారు పూర్తి శాకాహారి. రింగులో కుక్క చూపు నిలపడానికి జేబులో ఉడికించిన లివర్ ముక్కలు పెట్టుకుంటారని విని, "నా వంటింట్లో అది ఉడకదు" అన్నారు. ఇప్పుడు ఆవిడే శుక్రవారం రాత్రి పనీర్ ముక్కలు కోసి డబ్బాలో పెడుతున్నారు. కుక్క ఇంటి గుమ్మం దాటకూడదన్న షరతు మాత్రం అలాగే ఉంది.

నాకు బలంగా తోచే అభ్యంతరం వేరే ఉంది. అందం కోసం జాతుల్ని పెంచడంలో కొన్నిచోట్ల కుక్కలే బాధపడుతున్నాయి. చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి ఆడటమే కష్టమవుతోంది. ఇది నిజం. పిల్లలతో ఇది దాచకుండా మాట్లాడాలి. మన పక్కనే గ్లెండెనింగ్‌లో బ్లాక్‌టౌన్ కౌన్సిల్ వారి యానిమల్ రీహోమింగ్ సెంటర్ ఉంది. ఇల్లు లేని కుక్కలు అక్కడ ఎదురుచూస్తున్నాయి. అందుకే, పోటీ కోసమని కుక్కను కొనకండి అంటాను. పెంచేవాళ్ల దగ్గర అడిగి తీసుకున్న కుక్కతో పోటీచేసే పిల్లలు ఉన్నారు. మా అమ్మాయీ అంతే.

సొంతంగా పెంచుకోవాలనుకుంటే అది వేరే నిర్ణయం. పదీ పన్నెండేళ్ల బాధ్యత. న్యూ సౌత్ వేల్స్‌లో పన్నెండు వారాల లోపు మైక్రోచిప్, ఆరు నెలల లోపు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అద్దె ఇళ్లవాళ్లకు 2025 మే 19 నుంచి కొంత వెసులుబాటు వచ్చింది. పెంపుడు జంతువుకు అనుమతి అడిగితే, చట్టంలో చెప్పిన కారణాలు ఉంటేనే యజమాని కాదనగలరు.

ఒక ఆదివారం ఇటు

బ్లాక్‌టౌన్ నుంచి ఎం4 మీద అరగంట వెళితే ఆర్చర్డ్ హిల్స్‌లో డాగ్స్ ఎన్‌ఎస్‌డబ్ల్యూ వారి మైదానాలున్నాయి. 1823లో మన పక్కనున్న పరమట్టాలో మొదలై, ఇప్పుడు ఒలింపిక్ పార్క్‌లో జరిగే రాయల్ ఈస్టర్ షోలోనూ కుక్కల ప్రదర్శన ఉంటుంది. మనం ఏటా పిల్లల్ని తీసుకెళ్లి షోబ్యాగులు కొనిచ్చి వచ్చేస్తాం. ఈసారి ఆ రింగు పక్కన ఓ గంట కూర్చోండి. రాష్ట్రాల విజేతలు జాతీయ పోటీకి వెళతారు. అక్కడ గెలిచిన వాళ్లు బర్మింగ్‌హామ్‌లో జరిగే క్రఫ్ట్స్‌లో వివిధ దేశాల పిల్లలతో పోటీపడతారు. మా అమ్మాయి అక్కడిదాకా వెళుతుందని నేను అనుకోవడం లేదు. తనూ అనుకోవడం లేదు.

మీ పిల్లలకు కుక్కలంటే పడకపోవచ్చు. అప్పుడు తోట పని చూడండి, వృద్ధాశ్రమంలో పేపరు చదివి వినిపించే పని చూడండి. వారానికి ఏడు రోజుల్లో ఆరు రోజులు పిల్లలు తమ కోసం పరుగెత్తుతూనే ఉన్నారు. ఒక్క రోజు ఇంకొకరి అడుగుకు తగ్గట్టు తమ అడుగు మార్చుకునే పని ఏదో ఒకటి వాళ్ల చేతికివ్వండి. దానివల్ల ఏమొస్తుందని మాత్రం మరుసటి వారమే అడగకండి.